ఆ కంచె చెట్టు కాయలు పిల్లలు తింటున్నారు, కాస్త పట్టించుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

నేను మధురవాడ అవతల ఒక కాలనీలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. జాకెట్లు, చీరలకి ఫాల్స్, బడి పిల్లల యూనిఫారాలు, ఇదే నా పని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, రాతలో తప్పులుంటే మీరే సర్దుకోండి గాని వేయడం మాత్రం మానకండి, ఇది పిల్లల ప్రాణాలతో పని.

మొన్న దసరా సెలవులైపోయి బడులు తెరిచిన వారంలో మా చెల్లి మనవడు, వాడు రెండో తరగతి, బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి గుమ్మంలోనే కూలబడిపోయేడు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు, ఒకటే వాంతులు, గొంతు మండుతోంది మండుతోంది అని ఏడుపు. ఏం తిన్నావురా అంటే చెప్పడు. బయట బండి మీద పానీపూరీ తినేసుంటాడని వాళ్ళమ్మ వీపు మీద రెండు వేసింది కూడా. చొక్కా నిండా వాంతి అయిపోతే విప్పుదామని నేను బొత్తాలు తీస్తుంటే జేబు దగ్గరా కాలర్ కిందా గోధుమ రంగు మరకలు కనపడ్డాయి. ఆ మరక నాకు తెలుసండి. రెండు నెలల నుంచి రిపేరుకి వస్తున్న యూనిఫారం చొక్కాల మీద అదే మరక చూస్తున్నాను, సర్ఫులో నానబెట్టినా నిమ్మకాయ రుద్దినా బ్లీచింగ్ వేసినా పోదు, ఏ టీ మరకో అనుకుని తల్లులకి ఒక మాట చెప్పి ఊరుకున్నాను. జేబులో చెయ్యి పెడితే రెండు నల్లటి పిక్కలు వచ్చేయి. అప్పుడు గుండె జారిపోయింది, అవి అడవి ఆముదం పిక్కలు, ఆ మరక దాని పాలు. రెండు నెలలు ఆ మరక నా చేతుల్లో పెట్టుకుని నేను గుర్తుపట్టలేదే అని ఇప్పటికీ రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

మెల్లిగా అడిగితే అప్పుడు చెప్పేడు, "బాదం పిక్కల్లా ఉన్నాయి పెద్దమ్మమ్మా, తియ్యగా ఉన్నాయి, అందరం తిన్నాం" అని. అందరం అన్న మాటకి మా కాళ్ళు చేతులు ఆడలేదు. మా చెల్లేమో వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కితే నేను ఇల్లిల్లూ తిరిగేను, ఇంకో ఐదుగురు తేలేరు, అందులో ఒక పిల్ల అయితే ఎనిమిది పిక్కలు తిందంట, వాళ్ళ నాన్న ఉప్పునీళ్ళు తాగించి గొంతులో వేలు పెట్టి వాంతి చేయిస్తున్నాడు. అందర్నీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేం. రాత్రంతా సెలైన్లు ఎక్కించేరు. దేవుడి దయ వల్లా ఆ డ్యూటీ డాక్టరమ్మ వల్లా మర్నాడు సాయంత్రానికి అందరూ లేచి కూర్చున్నారు. ఆ డాక్టరమ్మ ముందు ఆముదం గింజలు తిన్నారా అని అడిగింది, ఎందుకంటే తల్లిదండ్రులందరూ ఆముదం ఆముదం అనే చెప్పేరు, నేను జేబులో పిక్కలు తీసి చూపిస్తే అప్పుడు ఇది వేరే చెట్టు అని రాసుకుంది. ఈ పేర్ల గొడవ గురించి తర్వాత చెప్తాను, అది చాలా ముఖ్యం.

ఆ చెట్టు ఏదో చాలామందికి తెలీదు కాబట్టి చెప్తున్నాను. మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది, ఆకు ఆముదం ఆకులా పెద్దగా చీలికలుండదు, కాస్త గుండెకాయ ఆకారంలో నున్నగా ఉంటుంది, మూడో ఐదో మూలలుంటాయి. కొమ్మ విరిస్తే నీళ్ళలాంటి పాలు కారుతాయి, ఆరిపోయేక అదే గోధుమ రంగు మరక. వానలు పడ్డాక కాయలు కాస్తుంది, గుత్తులు గుత్తులుగా, ముందు పచ్చగా, తర్వాత పసుపుగా, ఎండిపోయేక నల్లగా అయ్యి పగులుతాయి. ఒక్కో కాయలో మూడు పిక్కలు. నల్లటి పెంకు కొడితే లోపల తెల్లటి పప్పు, అచ్చం పచ్చి వేరుశనగ పప్పులాగే ఉంటుంది, రుచి కూడా కమ్మగా ఉంటుందంట, అదే కొంప ముంచేది. చేదుగా ఉంటే ఏ పిల్లాడూ రెండోది తినడు కదండి. కొందరు దీన్ని నేపాళం అంటారు, పెద్ద నేపాళం అంటారు, డీజిల్ చెట్టు అంటారు, పుస్తకంలో పేరు జట్రోఫా.

మాది పద్మనాభం వైపు పల్లె. మా చిన్నప్పుడు పొలం గట్ల మీద దీన్నే కంచెగా పెట్టేవారు, ఎందుకంటే ఆవు తినదు, మేక కూడా ముట్టదు, కొమ్మ నరికి గుచ్చితే చాలు చిగురేస్తుంది, నీళ్ళు పొయ్యక్కర్లేదు. మేము ఆ పాలు గడ్డిపోచతో చిన్న రింగు చేసి అందులో పట్టుకుని బుడగలు ఊదేవాళ్ళం, ఎండలో రంగులు రంగులుగా ఎగిరేవి. పిక్కల్ని ఈనుపుల్లకి గుచ్చి వెలిగిస్తే దీపంలా వెలిగేది, అంత నూనె ఉంటుంది అందులో. కానీ ఒక్కరం కూడా నోట్లో పెట్టుకోలేదు. ఎందుకంటే మా మామ్మ కర్ర పట్టుకుని కూర్చునేది, "ఒలే, పిక్క నోట్లో ఎట్టీకండి, బేదులు అట్టుకుని సస్తారు" అని రోజూ అనేది. బుడగలు ఊదిన చేతులు కడుక్కోకుండా అన్నం పెట్టేది కాదు. ఆ మాట మాతోనే ఆగిపోయిందండి. మేము టౌనుకి వచ్చేసేం, మామ్మలు పోయేరు, పొలాలు లేఅవుట్లు అయిపోయాయి, చెట్టు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇదే ఊళ్ళో జీడిపిక్క సంగతి చూడండి. భీమిలి, ఆనందపురం వైపు జీడితోటల్లో తిరిగిన ఏ పిల్లాడైనా పచ్చి జీడిపిక్క కొరకడు, పెంకులో ఉన్న జీడి తగిలితే మూతి బొబ్బలెక్కుతుందని వాడికి నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు, కాల్చుకునే తింటాడు. జీడిమామిడీ ఈ అడవి ఆముదమూ రెండూ మన దేశం చెట్లు కావు, మొదటిది బ్రెజిల్ నుంచి, రెండోది మెక్సికో, మధ్య అమెరికా నుంచి, రెండింటినీ సముద్రాలు దాటించింది పోర్చుగీసు వాళ్ళే అంటారు. ఒకప్పుడు ఆఫ్రికా పక్కన కేప్ వర్డీ దీవుల్లో అడవి ఆముదాన్ని పండించి ఆ నూనెతో లిస్బన్ నగరంలో వీధి దీపాలు వెలిగించేవారంట. జీడి మనకి తిండి పెట్టింది కాబట్టి దాని జాగ్రత్తలు కూడా ఇంటింటా నిలబడ్డాయి. దీని కాయతో మనకి పని లేదు, అందుకే దీని జాగ్రత్త ఎవరికీ గుర్తు లేదు. ఇంకో తేడా ఏంటంటే జీడిపిక్క కాలిస్తే మంచిదైపోతుంది, ఇది కాదు. ఇందులో రెండు విషాలున్నాయంట, కర్సిన్ అనే ప్రోటీన్ ఒకటి, ఫోర్బాల్ ఎస్టర్లు అని ఇంకోటి, మొదటిది వేడికి పోతుంది గాని రెండోది వేయించినా పోదు. నూనె తీసేసిన చెక్కలో కూడా మిగిలే ఉంటుంది, అందుకే ఆ చెక్క పొలంలో ఎరువుగా వేసుకోవాలి తప్ప పశువులకి పెట్టకూడదు. ఇదంతా మా అమ్మాయి చెప్పింది, అది అగ్రికల్చర్ డిప్లొమా చేసింది, దాని చేత వెతికించి రాసుకున్నాను. మెక్సికోలో కొన్ని చోట్ల విషం లేని రకం ఉందంట, అక్కడి వాళ్ళు వేయించుకుని తింటారంట, ఫోన్లో ఎవరైనా ఆ వీడియో చూసి మన చెట్టు మీద ప్రయోగం చేస్తారేమో అని నా భయం, మన దగ్గర కంచెల్లో పెరిగేది విషం రకమేనండి.

ఇంక ఈ డీజిల్ చెట్టు అనే పేరు ఎక్కడిది అంటే, 2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ ఒకటి పెద్ద రిపోర్టు ఇచ్చింది, దేశమంతా బంజరు భూముల్లో కోటి హెక్టార్లకి పైగా జట్రోఫా నాటితే 2011-12 నాటికి మనం వాడే డీజిల్లో 20 శాతం దీని నూనె నుంచే వస్తుందని. కలాం గారు కూడా దీని గురించి చాలా చోట్ల మాట్లాడేరు, ఆయన మీద నాకు చాలా గౌరవం, ఆయన రైతు బాగు కోరే చెప్పేరు. గింజలో మూడో వంతుకి పైగా నూనె ఉంటుంది, దాన్ని మిథనాల్‌తో కలిపి మారిస్తే బయోడీజిల్ అవుతుంది, ఇంతవరకూ నిజమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, నీళ్ళు లేని చోట ఈ చెట్టు చావకుండా బతుకుతుంది గాని నీళ్ళు లేని చోట కాయదు. ఎరువూ నీళ్ళూ పెడితేనే కాస్తుంది, అవి ఉన్న రైతు వరో చెరకో వేసుకుంటాడు గాని ఇదెందుకు వేస్తాడు. పైగా కాయలన్నీ ఒకేసారి పండవు, ఒకే గుత్తిలో పచ్చదీ పసుపుదీ నల్లదీ ఉంటాయి, మళ్ళీ మళ్ళీ మనుషుల్ని పెట్టి చేత్తో కోయించాలి, కూలి డబ్బులే రావు. 2009లో వచ్చిన పాలసీలో ఆ 20 శాతం గడువు 2017కి జరిపేరు, 2018 పాలసీకి వచ్చేసరికి అది 2030 నాటికి 5 శాతం అయింది. అదే 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం ఈ గింజల నూనెతో చేసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది, ఛత్తీస్‌గఢ్ రైతుల గింజలు, మంచి సంగతే, నేను కాదనను. కానీ విమానం ఎగిరిన వార్త అందరికీ తెలుసు, ఆ పిక్క రెండు తింటే పిల్లాడు పడిపోతాడన్న వార్త మా కాలనీలో ఒక్కరికీ తెలీదు.

మొక్కలు పంచినప్పుడూ నాటినప్పుడూ చెప్పినవాళ్ళు ఎంత నూనె, ఎకరానికి ఎన్ని మొక్కలు అని చెప్పేరు గాని తర్వాత వద్దనుకుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మా కాలనీ వెనక కొండవాలులో ఎవరో ఎప్పుడో నాటి వదిలేసిన వరసలున్నాయి, కింద పాత పొలాల కంచెలున్నాయి. కొండ మీద నుంచి వాన నీళ్ళు గెడ్డలోకి దిగుతాయి కదా, ఆ నీళ్ళతో పాటే పిక్కలు దొర్లుకుంటూ వచ్చి గెడ్డ పొడుగునా మొలిచేయి. ఎలకలు కూడా మోస్తాయి. లాంటానా లాగా, సర్కారు తుమ్మ లాగా కొండంతా కమ్మేసింది అని నేను అనడం లేదు, అంత పాకదు ఇది, ఉన్న చోటు చుట్టుపక్కలే నెమ్మదిగా పెరుగుతుంది. కానీ ఆ చుట్టుపక్కలే ఇప్పుడు ఇళ్ళూ అంగన్‌వాడీలూ బడులూ వచ్చేయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు దీని కొమ్మలు చాలా విరిగిపడ్డాయి, మెత్తటి కర్ర కదా, విరిగిపడ్డ కొమ్మ తడిలో ఎక్కడుంటే అక్కడే వేరు పెట్టేసింది. ఆ తర్వాత కూడా రోడ్డు పక్క తుప్పలు కొట్టే కుర్రాళ్ళు దీన్ని మోకాలి ఎత్తులో కొట్టి ఆ కొమ్మల్ని బడి గోడ పక్కన పారేసి వెళ్ళిపోయేరు. మొదలు నాలుగు చిగుళ్ళు వేసింది, పారేసిన కొమ్మలు మొక్కలయ్యాయి. ఇప్పుడు బడి వెనక గోడకి అటూ ఇటూ ఉన్నవన్నీ అవే. ఆ కుర్రాళ్ళని అనడానికి లేదు, వాళ్ళకి ఏది పిచ్చి మొక్కో ఏది విషం మొక్కో ఎవరు చెప్పేరు గనక. బడిలో టీచరమ్మ కూడా పాపం ఏడ్చేసింది, పచ్చగా నీడగా ఉంది కదాని ఉంచేమండీ అని.

పేర్ల గొడవ చెప్తానన్నాను. మన వైపు ఆముదం, నేపాళం అనే మాటలు మూడు చెట్లకి కలిపేసి వాడుతున్నారు. అసలు ఆముదం, చెయ్యంత ఆకులు, ముళ్ళ కాయలు, మచ్చల మచ్చల గింజ, అది కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, ఖాళీ సైట్లలో చెత్త కుప్పల మీద దానంతటదే మొలుస్తుంది, దాని గింజలో రిసిన్ ఉంటుంది, అది ఇంకా చెడ్డ విషం. రెండోది నేను ఇంతసేపూ చెప్తున్న అడవి ఆముదం. మూడోది ఎర్ర నేపాళం, దీని చిన్న చెల్లెలు లాంటిది, నడుం ఎత్తు ఉంటుంది, లేత ఆకు వంకాయ రంగులో ఉండి అంటుకుంటుంది, చిన్న ఎర్ర పువ్వులు, మన రోడ్ల పక్క డ్రైనేజీ గట్ల మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, దాని కాయా మంచిది కాదు. ఆస్ట్రేలియాలో ఈ చిన్నదాన్ని దేశమంతటికీ చేటు చేసే కలుపు మొక్కల్లో వేసేరంట, పెద్దదాన్ని పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం వాళ్ళు 2006లోనే నిషేధించేరు, మనం ఇక్కడ నాటండి నాటండి అంటున్న రోజుల్లోనే. ఇవి చాలవన్నట్టు ఆయుర్వేదం వాళ్ళు నేపాళం అంటే ఇంకో చెట్టు. అందుకే ఆసుపత్రికి వెళ్ళి ఆముదం తిన్నాడండీ, నేపాళం తిన్నాడండీ అని నోటితో చెప్తే సరిపోదు. కాయో పిక్కో ఆకో చేత్తో పట్టుకెళ్ళండి. మా వాడి జేబులో ఆ రెండు పిక్కలు మిగిలుండబట్టి సరిపోయింది.

డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి. తిన్న అరగంట నుంచి రెండు మూడు గంటల లోపు వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, గొంతు మంట మొదలవుతాయి. దీనికి విరుగుడు మందు అని ప్రత్యేకంగా లేదు, ఒంట్లో నీళ్ళు పోకుండా చూసుకోవడమే వైద్యం, అందుకే సెలైన్. టైముకి తీసుకెళ్తే చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించడం, వేలు పెట్టి కక్కించడం, చింతపండు రసం, మజ్జిగ, ఇలాంటివి చేస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి బయల్దేరండి. ఒక పిల్లాడికి వస్తే వాడితో ఆడుకున్న మిగతా వాళ్ళని వెంటనే అడగండి, కొట్టకుండా అడగండి. కొడతారని భయపడే మా వాడు గంటసేపు నోరు విప్పలేదు.

సంఘటన జరిగిన తర్వాత ఆదివారం మేము పదకొండు మంది ఆడవాళ్ళం గునపాలు పట్టుకుని బడి వెనక్కి వెళ్ళేం. కొట్టలేదండి, వేళ్ళతో సహా పెకలించేం. వాన పడి నేల మెత్తగా ఉండబట్టి చిన్నవి చేత్తో లాగితే వచ్చేసేయి, పెద్దవాటికి మా ఆయనా ఇంకో ఇద్దరు మగవాళ్ళూ సాయం పట్టేరు. చేతులకి పాత సాక్సులు తొడుక్కున్నాం, పాలు కంట్లో పడితే మంట అని. కొమ్మల్ని నేల మీద ఉంచకుండా సిమెంటు శ్లాబు మీద ఎండబెట్టేం, లేకపోతే మళ్ళీ వేరు పెట్టేస్తాయి. రాలిన పిక్కలు ఏరితే బియ్యం బస్తా గోనెకి సగం వచ్చేయి. సగం గోనె, ఆలోచించండి, పిల్లలు రోజూ ఆడుకునే చోట. లోతుగా గొయ్యి తీసి పూడ్చేసేం. ఆ చోట గోరింటాకు మొక్కలు పెడదామని టీచరమ్మ అంది, నేను వావిలి కూడా పెట్టమన్నాను, పశువులు వావిలి కూడా ముట్టవు, కంచెకి బాగుంటుంది.

గోడకి ఇవతల వైపు అయింది. అవతల వైపు ఎవరిదో ప్రైవేటు సైటు, గేటుకి తాళం, ఓనరు ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటాడంట, కొమ్మలు మాత్రం గోడ మీద నుంచి బడిలోకే వంగి ఉన్నాయి, కాయలు బడిలోకే రాలతాయి. గెడ్డ పక్కవి అలాగే ఉన్నాయి. అవి మా చేతుల్లో లేని పనులు. అందుకే అధికారులకి మీ పేపర్ ద్వారా నా మనవి ఏంటంటే, ప్రతి బడీ ప్రతి అంగన్‌వాడీ ప్రహరీ చుట్టూ ఈ చెట్టు ఉందో లేదో ఒక్కసారి మనిషిని పంపి చూపించండి, కాయలు పండకముందే, అంటే వానాకాలం మొదట్లోనే. ఉంటే వేళ్ళతో తీయించండి, కొట్టి పారేయకండి. ఖాళీ సైటు ఓనర్లకి నోటీసు ఇచ్చేటప్పుడు చెత్త, దోమలు అని రాస్తారు కదా, ఈ చెట్టు పేరు కూడా రాయండి. పొలం గట్ల మీద రైతు పెట్టుకున్న కంచెల జోలికి వెళ్ళమని నేను అనడం లేదు, అక్కడ దాని ఉపయోగం దానికుంది, పిల్లలు తిరిగే చోట వద్దు అంతే. బడుల్లో టీచర్లు పిల్లలకి ఒక కాయా ఒక ఆకూ చేత్తో పట్టుకుని చూపించి చెప్పండి, మా మామ్మ చేసిన పని ఇప్పుడు మీరే చెయ్యాలి, ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు లేరు.

తల్లులకి ఒక మాట, యూనిఫారం మీద ఉతికినా పోని గోధుమ మరక కనపడితే పిల్లాణ్ణి తిట్టే ముందు ఎక్కడ ఆడుకుంటున్నాడో వెళ్ళి చూడండి. నా షాపుకి ఇప్పుడు అలాంటి చొక్కా ఏది వచ్చినా ముందు అదే అడుగుతున్నాను. నిన్న కూడా ఒకటి వచ్చింది, పక్క కాలనీది.

ఈ ఉత్తరంతో మూడు ఫోటోలు పంపిస్తున్నాను, ఒకటి ఆకు, ఒకటి కాయల గుత్తి, ఒకటి పిక్కలు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీసింది, సైజు తెలియడానికి. ఎంత చిన్నగా వేసినా పరవాలేదు గాని దయచేసి కలర్‌లో వేయండి, బ్లాక్ అండ్ వైట్‌లో పచ్చ కాయా పసుపు కాయా ఒకేలా కనపడతాయి, పిల్లలు కోసుకునేది పసుపువీ నల్లవీనే.

ఇట్లు,
ఒక టైలర్,
మధురవాడ, విశాఖపట్నం